చూసినవాడి తప్పు

జిల్లా జైలు, చిత్తూరు
6 ఆగస్టు 2023

అక్కా,

నీకు నేను ఉత్తరం రాసి ఎన్నేళ్లయిందో. నువ్వు యూనివర్సిటీ హాస్టల్లో ఉన్నప్పుడు నాయన చెప్తుంటే కార్డు మీద రాసేవాణ్ణి, అంతే. ఇక్కడ ఆఫీసులో చదివిన తర్వాతే బయటికి పంపుతారంట. చదవనీ. దాచేది ఏమీ లేదు. వాణ్ణి కొట్టింది నేనే. చావలేదే అని బాధపడుతున్నదీ నేనే.

ములాఖత్‌కి రూపను తీసుకొచ్చావని జవాను చెప్పాడు. నేనే రానన్నాను. ఆ జల్లెడ అవతల బిడ్డ నిలబడి ఏడిస్తే నేను తట్టుకోలేను. కోపం తెచ్చుకోవద్దు. ఉత్తరం రాయి, చాలు. తోటలో మిగిలిన బెంగళూరా మామిడికాయలు ఎవరినైనా పిలిచి దింపించు. జ్యూస్ ఫ్యాక్టరీ వాడు ఎంతకు అడిగితే అంతకు ఇచ్చెయ్.

నీకు పోలీసులు చెప్పిందే తెలుసు. నేను చెప్పేది విను. భాను కర్మ అయిపోయిన మరుసటి రోజు ఆ ధనంజయ సెంటరుకు పోయింది కొట్టడానికి కాదు. అలిపిరి రోడ్డులో వాడి హాల్లో ఒక గోడ ఉంది, చూశావో లేదో. ‘క్వాంటం చైతన్యంతో స్వస్థులైనవారు’ అని పైన రాసి, కింద ఫోటోలు. అందులో భాను ఫోటో ఉంది. ఆమె చనిపోయిన తర్వాత కూడా ఉంది. దాన్ని తీసుకుందామని పోయాను. చుట్టూ కూర్చున్న జనం ముందర వాడు నా భుజం మీద చెయ్యి వేసి చెప్పాడు:

“జయచంద్రా, నీ భార్యను నేను పోగొట్టలేదప్పా. మొదటి కీమో అయినాక గడ్డ అనేది ఒక అవకాశం మాత్రమే. ఉండొచ్చు, ఉండకపోవచ్చు. దాన్ని చూడొద్దు, చూస్తే నిజమైపోతాదని ఆమెకు చెప్పినా. ఆమె విన్నాది. నువ్వే ఇనలేదు. బలవంతంగా వేలూరు తీసుకుపోయి స్కానింగ్ తీయించినావు. నమ్మని కన్నుతో చూసినావు. నువ్వు చూసినాకనే అది నిజమైంది.”

నేను బయటికి నడిచి, టెంపోలో ఉన్న మామిడికాయలు కోసే దోటి కర్ర తీసుకొని, మళ్లీ లోపలికి నడిచాను. ఆవేశంలో ఒళ్లు తెలియక కొట్టానని లాయరు రాయించుకోవాలని చూస్తాడు. ఒప్పుకోవద్దు. తెలిసే కొట్టాను.

నువ్వు ఇన్నేళ్లుగా కాలేజీలో ఫిజిక్స్ చెప్తున్నావు. వాడూ ఫిజిక్సే చదివాడు, నీ సీనియరు. నాకు ఒక్క ముక్కలో చెప్పు. చూస్తే మారుతుందనేది నిజమా, కాదా?

నీ తమ్ముడు
జయచంద్ర


తిరుపతి
21 ఆగస్టు 2023

జయా,

నీ జాబు రూపకు చూపించలేదు. సగం చదివి వినిపించాను. కాయలు దింపించాను, తోట గురించి దిగులు వద్దు. రూప నా గదిలోనే చదువుకుంటోంది, ఇంటరు రెండో ఏడు కదా, నేను దిద్దే పేపర్ల పక్కన దాని పుస్తకాలు. గుణశేఖర్ అనే లాయరును పెట్టాను. మన పుత్తూరు వైపు మనిషే, ఎక్కువ మాట్లాడడు, నచ్చాడు.

ఒక్క ముక్కలో చెప్పమన్నావు. ఈ విషయంలో ఒక్క ముక్కలో చెప్పడం కుదరదు. ఓపిగ్గా చదువు. ఒక గోడకు రెండు సన్నని చీలికలు ఉన్నాయనుకో. అవతల తెర. ఎలక్ట్రాన్లను ఒక్కొక్కటిగా వదులుతారు. ఏది ఏ చీలికలోంచి పోయిందో ఎవరూ కనిపెట్టకపోతే, ప్రతిదీ రెండింటిలోంచీ పోయినట్టు తెర మీద చారలు పడతాయి. కనిపెట్టే ఏర్పాటు చేస్తే ఆ చారలు మాయమైపోతాయి. కాబట్టి కొలిస్తే ఫలితం మారుతుందన్న మాట అబద్ధం కాదు. కొలిచే క్షణంలో అసలు ఏం జరుగుతుందన్నది వందేళ్లుగా పెద్దపెద్దవాళ్లు వాదించుకుంటూనే ఉన్నారు, తేలలేదు. మా సిద్ధాంతం ఏది ఎంత శాతం రావచ్చో చెప్తుంది. అది ఎందుకు వచ్చిందో చెప్పదు. దాని హద్దు అదీ. ఈ రెండు చీలికల లెక్క బోర్డు మీద నాకు మొదట రాసి చూపించింది ఎవరనుకున్నావు? ధనంజయే. అతనికి తెలియక కాదు, జయా. అన్నీ తెలిసి చేశాడు. అందుకే నాకు మండుతోంది.

ఇక నువ్వు అతని జోలికి పోవద్దు. అతన్ని ఏం చేయాలో నేను చూసుకుంటాను. భాను నాకూ మరదలే కదా.

కాలేజీలో పరీక్షలు, పెద్దగా రాయలేకపోతున్నాను.

అక్క
నందిని


తిరుపతి
19 అక్టోబరు 2023

ఒరే జయా,

ఈ జాబు కోపంతోనే రాస్తున్నాను. రెండు నెలలు కాళ్లరిగేలా తిరిగితే బెయిలు వచ్చింది. రూప ఆ రోజు కాలేజీ మాని, నీకోసం కోడికూర చేయించి, గడప దగ్గర కూర్చుంది. నువ్వేమో చిత్తూరు బస్సు దిగి, ఇంటికి రాకుండా, నేరుగా ఆ సెంటరు గేటు దగ్గరికి పోయావు! ఆ చుట్టుపక్కలకు పోకూడదని జడ్జి గారు చెప్పింది చెవికెక్కలేదా? వాచ్‌మన్ పట్టుకున్నప్పుడు నీ చేతిలో ఏమీ లేదంట, అదొక్కటే నయం. బెయిలు రద్దయింది. కేసు తేలేదాకా ఇక లోపలే.

వాణ్ణి చంపి నువ్వు ఉరికంబం ఎక్కితే ఎవరికి లాభం? నేను చూసుకుంటానని రాశాను కదా. నా మాట మీద నమ్మకం లేదా?

రూప ఆ కూర గిన్నె తీసుకుపోయి వీధి కుక్కకు పెట్టింది.

నందిని


చిత్తూరు
2 నవంబరు 2023

అక్కా,

చంపడానికి పోలేదు. అడగడానికి పోయాను.

నువ్వు రాసిందే కదా, కొలిస్తే మారుతుందన్న మాట అబద్ధం కాదని. ఆ జాబు ఇక్కడ ఎన్నిసార్లు చదివానో. నా పక్కన ఢిల్లీబాబు అని నగరి అతను ఉన్నాడు, అతని చేత కూడా చదివించాను. “మీ యక్క గూడా ఆయప్ప చెప్పిందే చెప్తా ఉండాది గదబ్బా” అన్నాడు. వాడూ అదే చెప్పాడు, నువ్వూ అదే చెప్పావు. మరి నేను కొట్టింది ఎవర్ని? భాను ఆ రోజు వేలూరు రానని మంచం కోడు పట్టుకుంది. వేళ్లు విడిపించి ఎత్తుకుపోయాను. మిషను లోపలికి పోయేటప్పుడు నా వైపు చూసి “ఒద్దన్న్యా గదా” అంది. రిపోర్టులో ఊపిరితిత్తుల దాకా పాకిందని వచ్చింది.

నేను తీయించకుండా ఉంటే బతికేదా అని వాణ్ణి అడుగుదామని పోయాను. నిన్ను అడగడానికి భయం వేసింది. నువ్వు అబద్ధం చెప్పవు.

వారం నుంచి అన్నం సహించడం లేదు. రూపకు చెప్పొద్దు.

జయచంద్ర


తిరుపతి
8 నవంబరు 2023

నాయనా జయా,

నీ జాబు నిన్న వచ్చింది. రాత్రంతా నన్ను నేను తిట్టుకున్నాను. అడిగినవాడు ఎవరో, ఎందుకు అడిగాడో మరిచిపోయి క్లాసు చెప్పినట్టు చెప్పాను. ఇప్పుడు ఒక్క ముక్కలోనే చెప్తాను. కాదు. నువ్వు చూడటం వల్ల భాను పోలేదు.

మమ్మల్ని ముంచింది ‘చూడటం’ అన్న మాటే. మా శాస్త్రంలో చూడటానికి కన్ను అక్కర్లేదు, మనసు అక్కర్లేదు, నమ్మకం అక్కర్లేదు. ఒక వెలుతురు రేణువు తగిలినా, గాలిలో ఒక అణువు తగిలినా చూసినట్టే లెక్క. ఎవరూ లేని గదికి తాళం వేసి మిషను ఒక్కదాన్నే వదిలేసినా తెర మీద పడేది అదే. ఎలక్ట్రాను మీద ఆ వింత జరగాలంటే చుట్టూ గాలి కూడా లేకుండా తీసేయాలి, అంత సుకుమారం దానిది. భాను ఒంట్లోని గడ్డ కోట్ల కోట్ల అణువుల ముద్ద. దాన్ని ఆమె నెత్తురు తాకుతూనే ఉంది, ఆమె ఒంటి వేడి తాకుతూనే ఉంది. నీ స్కానింగ్ కోసం అది కాచుకొని లేదు.

ఇంకొకటి, బాగా గుర్తుపెట్టుకో. వాదన తేలలేదని రాశాను కదా. ఆ వాదించేవాళ్లలో కొందరు ప్రపంచమే కొమ్మలుగా చీలిపోతుందంటారు. కొందరు మనకు కనబడని దారి ముందే ఉందంటారు. మనసుకూ పాత్ర ఉందని ఒకప్పుడు అన్నవాళ్లూ కొద్దిమంది ఉన్నారు. వాళ్లలో ఎవరి మాట నిజమైనా సరే, చూసేవాడు కోరుకున్నట్టు ఫలితం వస్తుందని ఏ ఒక్కరూ అనలేదు. నువ్వు నమ్మి చూసినా, నమ్మక చూసినా, ఆ మిషను చూపేది ఒకటే.

మొదటి కీమో తర్వాత ఆపకుండా ఉండి ఉంటే ఆమెకు బతికే అవకాశం బాగా ఉండేదని డాక్టరమ్మ నాతోనే చెప్పింది. ఆపించింది ఎవరో నీకు తెలుసు. కాబట్టి అన్నం తిను. తిని, వాడి మీద కోపాన్ని వాడి మీదే ఉంచుకో. నీ మీదికి తిప్పుకోవద్దు.

నేను ఒక పని మొదలుపెట్టాను. ఆఫీసులో చదువుతారు కాబట్టి ఇప్పుడు రాయను.

అక్క


చిత్తూరు
28 జనవరి 2024

నందినమ్మ గారికి,

ఢిల్లీబాబు తమ్ముడు ములాఖత్‌కి వచ్చి చెప్పాడు. తిరుపతి నిండా ఫ్లెక్సీలు కట్టారంట. ఒక పక్క డాక్టర్ ధనంజయ ఫోటో, ఇంకో పక్క నీ ఫోటో. ‘విజ్ఞానం – చైతన్యం’ అంట. నీ పేరు కింద ‘ప్రముఖ భౌతికశాస్త్ర అధ్యాపకురాలు’ అని కూడా వేశారంట. సభ అయిపోయిందంట, జనం బాగా చప్పట్లు కొట్టారంట.

నువ్వు మొదలుపెట్టిన పని ఇదేనా? భాను ఫోటో ఉన్న హాలు వాడితో వేదిక ఎక్కావా? ఏమిచ్చాడు నీకు? శాలువా కప్పాడా?

నాకు ఇక జాబు రాయొద్దు. రూపను నిర్మలమ్మ పిన్నమ్మ ఇంటికి పంపించు.

జయచంద్ర


తిరుపతి
5 ఫిబ్రవరి 2024

జయా,

రాయొద్దన్నా రాస్తాను. శాలువా కప్పాడు. ఇంటికొచ్చి దాన్ని పొయ్యిలో వేశాను.

సభ వాళ్లదే. పిలుస్తారా అని ఎదురుచూశాను. కొట్టినవాడి అక్కే పక్కన కూర్చుంటే అతనికే లాభం కదా, పిలిచారు. అతని మనుషుల ముందే, అతని వేదిక మీదే, అతని సిద్ధాంతం తప్పని చూపించి కూలదోద్దామని పోయాను. నీకు ముందే రాసి ఉంటే బాగుండేది. జైలు ఆఫీసు నుంచి అతని చెవికి పోతుందేమోనని భయపడ్డాను.

బాగానే మొదలుపెట్టాను. నీకు రాసినట్టే, గాలి అణువు తగిలినా చూసినట్టేనని చెప్పాను. జనం వింటున్నారు. అప్పుడు అతను మైకు తీసుకున్నాడు. ఎంత మెత్తగా మాట్లాడతాడో నీకు తెలుసు.

“నందినీ, నువ్వు నా జూనియర్‌వి, బంగారం లాంటి బుర్ర. నిన్ను ఒక్కటే అడుగుతా. కొలిచే క్షణంలో ఏమి జరుగుతాదో ఈ భూమ్మీద తెలిసినోడు ఒక్కడన్నా ఉండాడా? ఉంటే పేరు చెప్పు. నేను ఈ వేదిక దిగి పోతా.”

హాలంతా నా వైపు తిరిగింది. ఎవరి పేరైనా చెప్పి ఉండొచ్చు. అక్కడ ఎవరికి తెలుస్తుంది? నాకు నోరు రాలేదు. “లేరు” అన్నాను. “కానీ” అనేలోపే చప్పట్లు. ఆ తర్వాత నేను చెప్పింది ఎవరికీ వినబడలేదు. అతను శాలువా తెచ్చి కప్పి, నా చెవిలో “తెలీదని ఒప్పుకున్నోళ్లే పెద్దోళ్లమ్మా” అన్నాడు.

దిగి వస్తుంటే పంకజాక్షి గారని ఒక రిటైర్డ్ టీచరమ్మ ఎదురొచ్చింది. షుగరు, కాలికి పుండు. గుడ్డ కట్టుకొని కుంటుతోంది. “మేడమ్, సైన్సుకే తెలీదని మీరే ఒప్పుకున్న్యారు. నాకు ఇంకా ధైర్యం వచ్చింది. రేపటినుంచి ఆ మాత్రలు గూడా మానేస్తా” అంది. చెయ్యి పట్టుకొని వద్దని బతిమాలాను. నవ్వి వెళ్లిపోయింది.

ఇప్పుడు చెప్పు, నన్ను నువ్వు తిట్టేది ఎంత? మా శాస్త్రానికి తెలియని చోటు ఒకటి ఉంది. ఆ ఖాళీలో అతను దుకాణం పెట్టుకున్నాడు. ఆ ఖాళీ లేదని నేను అబద్ధం చెప్పలేను. వేదికల మీద అతన్ని గెలవలేనని అర్థమైంది. కానీ వదల్లేదు. చనిపోయేదాకా వదలను.

రూప ఎక్కడికీ పోదు. నేను పంపను.

నందిని


చిత్తూరు
17 ఫిబ్రవరి 2024

అక్కా,

తప్పుగా అనుకున్నాను. శాలువా కాల్చినప్పుడు బాగా మండిందా?

రాస్తూ ఉండు.

జయ


తిరుపతి
1 ఆగస్టు 2024

జయా,

వచ్చే నెలలో ధనంజయ సాక్ష్యం. ఈ జాబు రెండుసార్లు చదివి, నింపాదిగా ఆలోచించి జవాబు రాయి.

నిన్న గుణశేఖర్ గారి ఆఫీసులో కేసు కాగితాలు చదువుతుంటే, ధనంజయ వైద్యం వివరాల దగ్గర ఆగిపోయాను. నువ్వు కొట్టిన రోజే తలకు స్కానింగ్. చెన్నై పోయి మళ్లీ స్కానింగ్. నెల తర్వాత ఇంకోసారి. తల కుట్లు, యాంటీబయాటిక్స్, పెద్ద డాక్టర్లు. ఇదంతా ఎవరు చేయించుకున్నారు? చూస్తేనే రోగం నిజమవుతుందని భానుకు చెప్పినవాడు! నేను ఎగిరి గంతేశాను. “కోర్టులో ఈ ఒక్కటి అడగండి, చాలు” అన్నాను.

గుణశేఖర్ గారు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

“మేడమ్, తల ఎముక చిట్లినట్టు చూపించేది ఆ మొదటి స్కానింగ్ ఒక్కటే, చెన్నైవి బిల్లులు తప్ప రిపోర్టులు కేసులో లేవు. దాన్ని రాసిచ్చిన డాక్టరు ఉద్యోగం మాని యాడికో ఎల్లిపోయినాడు, సాక్ష్యానికి రాడు. మనం నోరు మూసుకుంటే అది నిలవదు. నిలవకపోతే మామూలు దెబ్బ. ఇన్నాళ్లు లోపల ఉండింది సరిపోయిందని మీ తమ్ముణ్ణి వదిలేస్తారు. మీరు చెప్పే ప్రశ్న నేను అడిగితే, ఆయప్ప నోటితోనే గాయం రుజువైపోతాది. ఆయన దుకాణం మూతపడతాది, నిజమే. మీ తమ్ముడి తలుపు గూడా మూతపడతాది. ఏది గావల్లో తేల్చుకోండి.”

రూపకు చెప్పాను, దానికి తెలియకుండా చేయలేను. “నాకు నాయన గావల్ల అత్తా. ఆయప్ప దుకాణం ఏమైపోతే నాకేమి?” అంది. వాదించలేదు. వాదించడానికి ఏముంది?

నాకు ఏం కావాలో ఇక్కడ రాయను. రాస్తే నాకోసం ఒప్పుకుంటావు.

అక్క


చిత్తూరు
9 ఆగస్టు 2024

అక్కా,

నీకు ఏం కావాలో రాయకపోయినా తెలుసు. నాకూ అదే కావాలి. అడగమను.

కింద రాసేది రూపకు.

రూపా, నాయన మీద కోపం వస్తుంది, రానీ. నిన్ను కాదని చేస్తున్నాను. కానీ ఒక మాట విను. నన్ను ఇప్పుడు వదిలేశారనుకో. తోటకు పోతాను, నీళ్లు కడతాను, నీకు ఫీజు కడతాను. ఒకరోజు తిరుపతికి వస్తాను. ఆ రోడ్డులో వాడి బోర్డు కనబడుతుంది. లోపల ఇంకెవరి అమ్మో కూర్చొని ఉంటుంది. నేను ఊరికే ఇంటికి వస్తానని నీకు మాట ఇవ్వలేను. ఈసారి కొడితే వాడు లేవడు, నేను తిరిగి రాను. వాడి దుకాణం వాడి నోటితోనే మూతపడితే, కొన్నేళ్లు ఆలస్యమైనా నీకు నాయన మిగులుతాడు. నాకు తెలిసిన దారి ఇదొక్కటే.

అత్త చెప్పినట్టు విను. తలకు నూనె పెట్టుకో.

నాయన


చిత్తూరు
18 సెప్టెంబరు 2024

అక్కా,

ఎస్కార్టుకు పోలీసులు లేరని నన్ను కోర్టుకు తీసుకుపోలేదు. ఇక్కడ గదిలో టీవీ ముందర కూర్చోబెట్టారు. బొమ్మ వచ్చింది, గొంతు రాలేదు. జవాను వైరు పీకాడు, పెట్టాడు, లాభం లేదు. వాడు బోనులో నిలబడటం చూశాను. గుణశేఖర్ గారి వీపు కనబడింది. వాడు వెనక బెంచీల వైపు తిరిగి చూశాడు. తర్వాత నోరు పెద్దగా తెరిచి ఏదో అన్నాడు. వెనక బెంచీలో ఒకామె లేచి నిలబడింది. అంతలో బొమ్మ కూడా పోయింది.

ఏమన్నాడు? ఒక్క అక్షరం వదలకుండా రాయి.

జయ


తిరుపతి
22 సెప్టెంబరు 2024

జయా,

ఒక్క అక్షరం వదలను.

అతను తెల్లచొక్కా వేసుకొని, నుదుట బొట్టు పెట్టుకొని, మామూలుగానే నవ్వుతూ వచ్చాడు. వెనక రెండు బెంచీల నిండా అతని సెంటరు జనం. గురువు గారికి న్యాయం జరగాలని వచ్చారు. నేనూ రూపా కిటికీ పక్కన కూర్చున్నాం. ప్రభుత్వ లాయరు అడిగినంతసేపూ ఇబ్బంది లేదు. నువ్వు ఎలా వచ్చావో, ఎలా కొట్టావో కన్నీళ్లు పెట్టుకొని చెప్పాడు. తర్వాత గుణశేఖర్ గారు లేచారు.

“దెబ్బ తగిలినాక యాడికి పోయినారు సార్?”

“ఆస్పత్రికి తీసుకుపోయినారు.”

“తెలివి ఉండిందా?”

“ఉండింది.”

“స్కానింగ్ తీస్తామంటే మీరు ఒద్దనలేదా?”

“ఎందుకు ఒద్దంటాను?”

“తల లోపల గాయం ఉండొచ్చు, ఉండకపోవచ్చు. చూడకుంటే అది ఒక అవకాశం మాత్రమే గదా సార్? చూస్తేనే గదా నిజమయ్యేది? మీ సెంటర్లో మీరు చెప్పేది ఇదే గదా?”

అతని నవ్వు పోయింది. ప్రభుత్వ లాయరు లేచి ఈ ప్రశ్నకూ కేసుకూ సంబంధం లేదన్నాడు. సంబంధం ఉందో లేదో జవాబు విన్నాక చూద్దామన్నారు జడ్జి గారు.

“అది... అది సూక్ష్మ స్థాయిలో చెప్పిన మాట. స్థూల స్థాయిలో...” అని మొదలుపెట్టాడు.

జడ్జమ్మ పెన్ను కింద పెట్టింది. “నాకు స్థాయిలు తెలియవు. తేలికగా అడుగుతాను. స్కానింగ్ తీయించుకోకుండా ఉంటే మీ గాయం లేకుండా పోయేదా?”

జయా, నీకు టీవీలో కనబడింది ఇక్కడే. వెనక బెంచీల వైపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. అతని లెక్క నాకు తెలిసిపోయింది. ‘అవును, పోయేది’ అంటే గాయమే లేదని ఒప్పుకున్నట్టు. నువ్వు బయటికి వస్తావు. కాదంటే అతని జనం వింటారు. ఆ సభలో నన్ను నిలబెట్టిన చోటే ఇప్పుడు తను నిలబడి ఉన్నాడు. తేడా ఏమిటంటే, నేను నిజం చెప్తే నాకు నష్టం. అతను ఏది చెప్పినా అతనికి నష్టమే. నేను నీమీద అతనికున్న పగ గెలవాలని కోరుకున్నాను. దేవుణ్ణి అడగని నేను, ఆ ఒక్కటీ అడిగాను.

గెలిచింది. బోను కర్రను రెండు చేతులా పట్టుకొని గట్టిగా అన్నాడు: “ఎట్లా పోతాది? గాయం గాయమే! ఎవరు చూసినా, చూడకపోయినా అది ఉంటాది. ఆ పొద్దు స్కానింగ్ తీయకుండా ఉండి ఉంటే నేను చచ్చిపోయి ఉందును. వాడు నన్ను సంపినట్టే!”

జడ్జి గారు ఆ మాటల్ని నెమ్మదిగా టైపిస్టుకు చెప్పి రాయించారు. తర్వాత అతనికి చదివి వినిపించారు, ఇదే కదా మీరు చెప్పింది అని. హాలంతా రెండోసారి విన్నది.

గుణశేఖర్ గారు ఒక్కటే అడిగారు: “భానుప్రియ గారికి గూడా ఈ మాటే చెప్పినారా సార్?”

జడ్జి గారు ఎదురుచూసి, సాక్షి సమాధానం ఇవ్వలేదని రాయించారు.

నీకు టీవీలో కనబడినామె పంకజాక్షి గారు. లేచి నిలబడి, “మరి మాకెందుకప్పా ఒద్దన్న్యావు?” అంది. బంట్రోతు కసిరితే బయటికి పోయింది. మేము వచ్చేటప్పటికి వరండాలో గోడ పట్టుకొని నిలబడి ఉంది. పుండు కాలి వేళ్ల దాకా పాకింది. వాసన వస్తోంది. ఆమే రూప చెయ్యి పట్టుకొని “అమ్మా, ఆస్పత్రికి ఆటో యాడ దొరుకుతాది?” అని అడిగింది. రూపే వెంట పోయింది. రెండు వేళ్లు తీసేశారు. కాలు మిగిలింది.

మిగతా జనం ఒక్కొక్కరే జారుకున్నారు. అతను బయటికి వచ్చేసరికి కారు డ్రైవరు తప్ప ఎవరూ లేరు. నన్ను చూసి ఆగాడు. “నందినీ, నువ్వన్నా అర్థం చేసుకుంటావు, సిద్ధాంతంలో ఇంకా తేలని విషయాలు...” అన్నాడు. “తేలనివి చాలా ఉన్నాయి సార్. ఇది మాత్రం తేలిపోయింది” అన్నాను. ఆ వాంగ్మూలం నకలు తీయించాను. ఏ ఊర్లో బోర్డు పెట్టినా ఆ ఊరికి అది నాకంటే ముందు చేరుతుంది.

నాకు సంతోషంగా ఉంది. సిగ్గుపడటం లేదు. ఆటో ఎక్కేముందు రూప అడిగింది, “అత్తా, నాయనకు ఎన్నేళ్లు పడతాది?” అని. అప్పుడు మాత్రం దాని మొహం చూడలేక ఆటోవాడితో బేరం మొదలుపెట్టాను.

నందిని


చిత్తూరు
30 నవంబరు 2024

అక్కా,

తీర్పు రోజు నీతో మాట్లాడనివ్వలేదు కదా, అందుకే రాస్తున్నాను. నాలుగేళ్లు. ఇప్పటిదాకా ఉన్నది పోగా మిగిలింది ఉంటాను. కడపకు మారుస్తారేమో అంటున్నారు. అప్పీలు వేస్తానని గుణశేఖర్ గారు అంటే మీ ఇష్టం అన్నాను. ఏమైనా చెప్పుకుంటావా అని జడ్జి గారు అడిగినప్పుడు లేదమ్మా అన్నాను. తీర్పు వినడానికి వాడు రాలేదు. మొహం చూపించలేకనే రాలేదని ఢిల్లీబాబు అంటాడు. సెంటరు బిల్డింగు ఖాళీ చేశాడంట. నెల్లూరు వైపు పోయాడని ఒకరు, బెంగళూరు అని ఒకరు. నువ్వు కనుక్కుంటావు. వదలొద్దు. నేను కూడా వాణ్ణి క్షమించలేదు. చచ్చేదాకా క్షమించను.

ఇంకో సంగతి జరిగింది. ఎవరికీ చెప్పలేదు, నీకే రాస్తున్నాను.

ఈ ఏడాదిన్నరలో భాను గుర్తొచ్చినప్పుడల్లా పక్కన వాడూ వచ్చేవాడు. ఆమె మంచం మీద ఉంటే వాడు తలగడ దగ్గర ఉండేవాడు. పెళ్లి గుర్తు చేసుకుందామన్నా పందిట్లో వాడే నిలబడేవాడు. ఆమె ముఖం ఒక్కటీ విడిగా నాకు దొరకలేదు. నిన్న మధ్యాహ్నం అన్నం తింటున్నాను. సాంబారులో మామిడికాయ ముక్క పడింది. ఉన్నట్టుండి భాను ఒక్కతే వచ్చింది.

కాయలు వేసుకొని టెంపోలో దామలచెరువు మండీకి పోతున్నాం. రూప ఇంకా పుట్టలేదు. భాను ముందు సీట్లో కాళ్లు పైకి పెట్టుకొని, ఉప్పూకారం అద్దుకొని పచ్చికాయ కొరుకుతోంది. పులుపుకు ఒక కన్ను మూసుకుపోతోంది. గాలికి జుట్టంతా నోట్లో పడుతోంది. నేను నవ్వుతూ అటే చూస్తున్నాను. ఎదురుగా లారీ వస్తోంది. ఆమె నా గడ్డం పట్టుకొని రోడ్డు వైపు తిప్పి, “నన్ను సూసింది సాల్లే, దోవ సూడు” అంది.

పళ్లెం పక్కన పెట్టి ఏడ్చాను అక్కా. ఆమె పోయిన తర్వాత ఇదే మొదటిసారి.

నీ తమ్ముడు
జయచంద్ర